పెట్టెలో గాలాడాలి

తక్కువ ధర క్యాబినెట్లలో గేమింగ్‌కు పనికొచ్చేదాన్ని గుర్తుపట్టే పద్ధతి

కంప్యూటర్ క్యాబినెట్ చేసే పనులు నాలుగు. విడిభాగాలను కదలకుండా పట్టి ఉంచడం, అవి పుట్టించే వేడిని బయటికి పంపడం, దుమ్మూ పురుగూ చేరకుండా చూడటం, లోపలి విద్యుత్తు నుంచి మనిషిని కాపాడటం. టైపింగు, బిల్లులు, ఇంటర్నెట్ వరకే వాడే కంప్యూటర్‌లో ఈ పనులు అంతంత మాత్రంగా జరిగినా రోజు గడిచిపోతుంది. అది పుట్టించే వేడి తక్కువ. గేమింగ్ కంప్యూటర్ దాదాపు 300 వాట్ల వేడిని గంటల తరబడి వెదజల్లుతుంది. ఆ వేడి పెట్టెలోనే సుళ్లు తిరిగితే గ్రాఫిక్స్ కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాన్లు హోరెత్తుతాయి. ఎస్ఎస్‌డీ, మదర్‌బోర్డు మీది భాగాలు ఏళ్ల తరబడి కాగుతూ తొందరగా పాతబడతాయి.

తెలుగు ఇళ్లలో ఇలాంటి కంప్యూటర్ చాలాసార్లు ఇంజినీరింగ్ చదివే పిల్లల కోసమో, మొదటి ఉద్యోగంలో కూడబెట్టిన జీతంతోనో వస్తుంది. అందులో క్యాబినెట్‌కు కేటాయించగలిగేది సుమారు 3,000 నుంచి 6,000 రూపాయలు. ఈ కథనంలో బడ్జెట్ క్యాబినెట్ అంటే ఆ ధరలోదే. ఆ డబ్బుకు అన్ని సౌకర్యాలూ ఒకచోట దొరకవు కాబట్టి వరుస పెట్టుకోవాలి. మొదట కొలతలు, తరవాత గాలి దారి, ఆపైన దుమ్ము రక్షణ, రేకు నాణ్యత, తీగల ఏర్పాటు. రంగురంగుల లైట్లది చివరి స్థానం. షాపుల్లో, ఆన్‌లైన్ ప్రకటనల్లో ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది. కష్టార్జితం వృథా అయ్యేది అక్కడే.

కొలతలు ముందు

నేటి క్యాబినెట్లన్నిటికీ పునాది 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం. దాని ప్రకారం పూర్తి సైజు మదర్‌బోర్డు 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ 244 మి.మీ. చదరం. 2001లో వియా సంస్థ తెచ్చిన మినీ ఐటీఎక్స్ 170 మి.మీ. చదరం. తక్కువ ధర గేమింగ్ కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది మైక్రో ఏటీఎక్స్. ఇది ఏటీఎక్స్ క్యాబినెట్లోనూ చక్కగా కూర్చుంటుంది. కింద కాస్త ఖాళీ మిగులుతుంది, గాలికి అది మేలే.

బోర్డు పట్టినంత మాత్రాన పని పూర్తికాదు. మరో మూడు కొలతలు సరిచూసుకోవాలి. మొదటిది గ్రాఫిక్స్ కార్డు పొడవు. రెండు ఫ్యాన్ల కార్డులు చాలావరకు 250 మి.మీ. లోపు ఉంటాయి, మూడు ఫ్యాన్లవి 300 మి.మీ. దాటవచ్చు. క్యాబినెట్ పెట్టె మీద రాసిన అంకె ముందు ఫ్యాన్లు బిగించకముందుదా, బిగించాకదా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఒక ఫ్యాన్ మందం 25 మి.మీ. దాని వెనుక లిక్విడ్ కూలర్ రేడియేటర్ కూడా వస్తే మరో 27 మి.మీ. పోతుంది. అంటే ప్రకటించిన పొడవులోంచి 52 మి.మీ. తగ్గిపోవచ్చు.

రెండోది ప్రాసెసర్ కూలర్ ఎత్తు. ఈ ధరలో ప్రాచుర్యం ఉన్న టవర్ కూలర్లు 155 నుంచి 160 మి.మీ. దాకా ఉంటాయి. క్యాబినెట్ 150 మి.మీ. మాత్రమే ఇస్తే పక్క అద్దం మూత పడదు. మూడోది కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పొడవు. ప్రమాణం ప్రకారం దాని వెడల్పు 150 మి.మీ., ఎత్తు 86 మి.మీ. పొడవు మాత్రం 140 మి.మీ. నుంచి మొదలై మోడల్‌ను బట్టి పెరుగుతుంది. కింది గదిలో హార్డ్ డిస్కుల బోను బిగించి ఉంటే పొడవైన ఎస్ఎంపీఎస్‌కు, దాని తీగలకు చోటు చాలదు. ఆ బోను విప్పి తీయడానికి వీలుందో లేదో చూడాలి.

వేడి లెక్క

ఈ తరగతి కంప్యూటర్లలో వేడికి పెద్ద వనరు గ్రాఫిక్స్ కార్డు. ఎన్విడియా ఆర్టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, ఆర్టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు, ఏఎండీ ఆర్ఎక్స్ 7600 కార్డు 165 వాట్లు తీసుకుంటాయి. ఆర్టీఎక్స్ 4070 దగ్గరికి వస్తే అది 200 వాట్లు. ప్రాసెసర్ల మీద రాసే 65 వాట్లు పైపరిమితి కాదు. ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ పూర్తి భారం మీద 117 వాట్ల వరకు, ఏఎండీ 65 వాట్ల రైజెన్ ప్రాసెసర్లు 88 వాట్ల వరకు వెళ్లగలవు. ర్యామ్, ఎస్ఎస్‌డీ, బోర్డు కలిపితే మొత్తం 300 వాట్ల దరిదాపులకు చేరుతుంది. ఆ కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది.

ఈ వేడిని మోసుకెళ్లేది గాలి ఒక్కటే. 300 వాట్ల వేడిని తీసుకుపోతూ గాలి కేవలం 10 డిగ్రీలే వెచ్చబడాలంటే నిమిషానికి సుమారు 1,540 లీటర్ల గాలి పెట్టెగుండా పారాలి. ఫ్యాన్ల కొలమానంలో అది దాదాపు 54 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 54 ఘనపుటడుగులు. సగటు మిడ్ టవర్ క్యాబినెట్ లోపలి పరిమాణం 40 లీటర్ల పైచిలుకు. కాబట్టి లోపలి గాలి మొత్తం రెండు సెకన్లు నిండకముందే మారిపోవాలి. ఆ ప్రవాహం సగానికి పడిపోతే లోపలి గాలి 10కి బదులు 20 డిగ్రీలు వెచ్చబడుతుంది. మంచి క్యాబినెట్‌కూ చెడ్డ క్యాబినెట్‌కూ తేడా ఈ లెక్కలోనే ఉంది.

విదేశీ సమీక్షల్లో పరీక్షగది ఉష్ణోగ్రత సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో రెంటచింతల, రామగుండం, విజయవాడల్లో బయట 43, 44 డిగ్రీలు ఎండ కాసేటప్పుడు ఏసీ లేని గది 36, 38 డిగ్రీలకు చేరుతుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతతోపాటు దాదాపు అంతే మేరకు పెరుగుతుంది. 22 డిగ్రీల గదిలో 70 డిగ్రీలు చూపించిన కార్డు 38 డిగ్రీల గదిలో 86 దగ్గరికి వస్తుంది. చాలా ఎన్విడియా కార్డులు 83 డిగ్రీల ప్రాంతంలో వేగం తగ్గించడం మొదలుపెడతాయి. అందువల్ల సమీక్షలో ‘ఫరవాలేదు’ అనిపించుకున్న క్యాబినెట్ మన వేసవిలో చాలకపోవచ్చు. సమీక్ష చదివేటప్పుడు కార్డు ఉష్ణోగ్రతలోంచి పరీక్షగది ఉష్ణోగ్రతను తీసేసి, ఆ తేడాకు మన ఇంటి గది వేడిని కలుపుకొంటే నిజమైన అంచనా వస్తుంది.

ముందు పలకే ముఖద్వారం

గాలి లోపలికి వచ్చేది ప్రధానంగా ముందు పలకలోంచి. దాని తీరు ఇరవై ఏళ్లలో రెండుసార్లు మారింది. 2006లో వచ్చిన ఆంటెక్ నైన్ హండ్రెడ్ ముందువైపంతా జల్లెడతో, పైన 200 మి.మీ. ఫ్యాన్‌తో గేమర్ల అభిమానం పొందింది. 2008లో కూలర్ మాస్టర్ హాఫ్ 932 వచ్చింది. ఆ పేరుకు అర్థమే ‘ఎక్కువ గాలి ప్రవాహం’. 2014లో ఎన్‌జెడ్ఎక్స్‌టీ ఎస్340 ముందు భాగాన్ని నున్నని రేకుతో మూసి, ఎస్ఎంపీఎస్‌ను కింది తొడుగులో దాచి, దాదాపు 70 డాలర్లకే శుభ్రమైన రూపం ఇచ్చింది. అది విపరీతంగా నచ్చడంతో ఎన్నో సంస్థలు మూసిన ముఖాలవైపు మళ్లాయి. తరవాత పక్క మూతకు టెంపర్డ్ గ్లాస్ వచ్చింది, కొన్నిటికి ముందువైపూ అద్దమే వచ్చింది.

ఫలితం పరీక్షల్లో బయటపడింది. ముందు ఫ్యాన్లు ఎన్ని ఉన్నా, పలక పక్కన సన్నని సందుల్లోంచి పీల్చుకునే గాలి చాలదు. ముక్కు మూసి పరుగు తీయమన్నట్టుంటుంది ఆ ఏర్పాటు. 2017లో ఫ్రాక్టల్ డిజైన్ మెషిఫై సీతో, 2020లో కోర్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లోతో జల్లెడ ముఖం మళ్లీ ఆదరణలోకి వచ్చింది. మూసిన ముఖానికి పేరుపడ్డ ఎన్‌జెడ్ఎక్స్‌టీ హెచ్510 మోడల్‌కు కూడా 2021లో రంధ్రాల ముందు పలకతో హెచ్510 ఫ్లో అనే రూపం వచ్చింది. సంస్థ తన తీర్మానాన్ని తానే సవరించుకోవాల్సి వచ్చిందంటే ముందు పలక ప్రాధాన్యం తెలుస్తుంది.

తక్కువ ధర క్యాబినెట్లలో ఇప్పటికీ మూడు రకాల ముఖాలూ దొరుకుతాయి. సన్నని లోహపు జల్లెడ అన్నిటికన్నా మంచిది. పెద్ద రంధ్రాల ప్లాస్టిక్ పలకా పనికొస్తుంది, కానీ దాని వెనుక దట్టమైన నైలాన్ వడపోత ఉంటే గాలి అక్కడ ఆగుతుంది. ముందు మొత్తం అద్దమో, అక్రిలిక్కో ఉండి పక్కన వేలెడు సందు వదిలిన క్యాబినెట్‌ను ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి. పలకకూ ఫ్యాన్లకూ మధ్య దూరం కూడా చూడాలి. రెండూ అతుక్కున్నట్టుంటే ఈలలాంటి శబ్దం వస్తుంది.

ఫ్యాన్లు: ఎన్ని, ఎక్కడ, ఏవి

మధ్యతరగతి కార్డుకు కనీస ఏర్పాటు ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనుక ఒకటి బయటికి. వీటిలో ఏదీ వదలకూడదు. వెనుక ఫ్యాన్ ప్రాసెసర్ కూలర్ దగ్గరి వేడిని నేరుగా తీసుకుపోతుంది. ముందు కింది ఫ్యాన్ గ్రాఫిక్స్ కార్డుకు చల్లగాలి అందిస్తుంది. పైన వెనుకభాగంలో ఒకటి బయటికి పెడితే కొంత లాభం. పైన ముందుభాగంలో బయటికి పెట్టిన ఫ్యాన్ మాత్రం అప్పుడే లోపలికి వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్‌కు చేరకముందే లాగేస్తుంది. అన్ని రంధ్రాలకూ ఫ్యాన్లు బిగించాలన్న తాపత్రయం అనవసరం.

ప్రకటనలో రాసిన సీఎఫ్ఎం అంకె ఏ అడ్డూ లేని చోట కొలిచింది. ఉదాహరణకు ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం ఫ్యాన్ 1,800 ఆర్‌పీఎం వేగంలో 56.3 సీఎఫ్ఎం ఇస్తుంది. జల్లెడ, వడపోత, ఎదురుగా రేడియేటర్ వచ్చాక ఏ ఫ్యాన్‌కైనా ఆ అంకె బాగా తగ్గుతుంది. అడ్డంకిని తట్టుకొని గాలిని నెట్టే శక్తిని స్టాటిక్ ప్రెషర్ అంటారు. ముందు ఫ్యాన్లకు అది ముఖ్యం. క్యాబినెట్‌తో వచ్చే చౌక ఆర్‌జీబీ (రంగుల లైట్ల) ఫ్యాన్లలో పెద్ద లోపం ఇదే. రెక్కలు లైటు మెరవడానికి తగినట్టు ఉంటాయి, ఒత్తిడి తక్కువ.

కనెక్టర్ కూడా చూడాలి. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్ వేగాన్ని మదర్‌బోర్డు ఉష్ణోగ్రతను బట్టి మార్చగలదు. మూడు పిన్నుల ఫ్యాన్‌ను వోల్టేజీ మార్చి అదుపు చేయవచ్చు. మోలెక్స్ కనెక్టర్‌తో నేరుగా ఎస్ఎంపీఎస్‌కు తగిలించేది ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. పాట వింటున్నా, ఆట ఆడుతున్నా అదే హోరు. ఆరు పిన్నుల సొంత కనెక్టర్, సొంత హబ్‌తో వచ్చే సెట్లలో ఒక ఫ్యాన్ చెడిపోతే వేరే సంస్థ ఫ్యాన్ అందులో పట్టదు.

లైట్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. మూడు పిన్నుల ఏఆర్‌జీబీ లైట్లు 5 వోల్టులవి, నాలుగు పిన్నుల సాదా ఆర్‌జీబీ లైట్లు 12 వోల్టులవి. 5 వోల్టుల లైటును 12 వోల్టులకు కలిపితే వెంటనే కాలిపోతుంది.

శబ్దం విషయంలో పెద్ద ఫ్యాన్‌దే పైచేయి. 140 మి.మీ. ఫ్యాన్ వైశాల్యం 120 మి.మీ. ఫ్యాన్ కంటే 36 శాతం ఎక్కువ. అదే గాలిని తక్కువ వేగంతో ఇవ్వగలదు. ఒక ఫ్యాన్ వేగాన్ని సగం చేస్తే గాలి సగమవుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే ఒక్క ఫ్యాన్‌ను వేగంగా తిప్పడం కన్నా మూడింటిని నెమ్మదిగా తిప్పడం చెవికి హాయి.

అద్దాల పెట్టెల ఆకర్షణ

2018లో తైవాన్ సంస్థ లియాన్ లీ తెచ్చిన ఓ11 డైనమిక్ ముందూ పక్కా అద్దం, రెండు గదుల నిర్మాణంతో కొత్త ఒరవడి పెట్టింది. దాన్ని చూసి చేసిన చౌక క్యాబినెట్లు ఇప్పుడు మార్కెట్ నిండా ఉన్నాయి. వీటిలో ముందు ఫ్యాన్లుండవు. గాలి పక్కనుంచి, కిందినుంచి రావాలి. అసలు డిజైన్ చక్కగా పనిచేస్తుంది, కానీ దానికి ఆరు నుంచి తొమ్మిది మంచి ఫ్యాన్లు కావాలి. ఆ ఫ్యాన్ల ఖర్చు కలిపితే అది బడ్జెట్ క్యాబినెట్ అనిపించుకోదు. ఫ్యాన్లు లేకుండా 4,000 రూపాయలకు దొరికే అద్దాల పెట్టెను కొని, రెండు ఫ్యాన్లతో సరిపెడితే గ్రాఫిక్స్ కార్డు తన వేడిని తానే పీల్చుకుంటూ ఉంటుంది. కింది ఫ్యాన్లు నేలకు దగ్గరగా ఉండటంతో దుమ్ము కూడా ఎక్కువ లాగుతాయి. పొట్టి పాదాలున్న మోడల్‌లో ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది.

కార్డును నిలువుగా బిగించే రైజర్ కేబుల్ కూడా ఆకర్షణే. దాని నాణ్యత ఎంత ముఖ్యమో ఎన్‌జెడ్ఎక్స్‌టీ హెచ్1 ఉదంతం చూపించింది. రైజర్ బోర్డును క్యాబినెట్‌కు పట్టి ఉంచే స్క్రూల దగ్గర షార్ట్ సర్క్యూట్ జరిగి మంటలు రేగే ప్రమాదం ఉండటంతో 2021లో అమెరికాలో ఆ క్యాబినెట్లను వెనక్కి రప్పించారు. తక్కువ ధరలో రైజర్ జోలికి పోకపోవడమే మంచిది.

దుమ్ము, పురుగు, ఉప్పుగాలి

లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలికన్నా కొద్దిగా ఎక్కువగా ఉంటే పెట్టెలోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము వడపోత దాటి రాలేదు. బయటికి లాగే ఫ్యాన్లే ఎక్కువైతే ప్రతి సందూ దుమ్ముకు దారి అవుతుంది. ముందు మూడు, వెనుక ఒకటి అన్న ఏర్పాటు మన దుమ్ముకు సరిగ్గా నప్పుతుంది.

వడపోతలు మూడుచోట్ల ఉండాలి: ముందు, పైన, ఎస్ఎంపీఎస్ కింద. పైది అయస్కాంతపు అంచుతో ఉంటే తీసి దులపడం తేలిక. కిందిది వెనుకనుంచి లాగేలా ఉంటే ప్రతిసారీ క్యాబినెట్‌ను జరిపి తిప్పాలి, చివరికి ఎవరూ శుభ్రం చెయ్యరు. ముందునుంచో పక్కనుంచో జారి వచ్చేదాన్ని ఎంచుకోవాలి. ముందు పలక లాగితే సులువుగా ఊడి రావాలి, తీగలు దానికి అంటుకొని ఉండకూడదు.

వెనుక విస్తరణ స్లాట్ల మూతలు కూడా పరీక్షించాలి. స్క్రూతో బిగించి మళ్లీ వాడుకునేవి మంచివి. విరిచి తీసే రేకు ముక్కలైతే ఒకసారి తీశాక కన్నం అలాగే ఉండిపోతుంది. బొద్దింకలు, బల్లులు దూరేది ఆ కన్నంలోంచే. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి పెయింటు పలుచగా ఉన్న రేకు తుప్పు పడుతుంది. స్క్రూ రంధ్రాల చుట్టూ, లోపలి అంచుల మీద పెయింటు నిండుగా ఉందో లేదో వేలితో తడిమి చూడాలి.

రేకు, అంచు, అద్దం

చౌక క్యాబినెట్లలో ఉక్కు రేకు మందం తరచూ 0.5 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. 0.6, 0.7 మి.మీ. దొరికితే మేలు. పలుచని రేకు వల్ల మూడు ఇబ్బందులు. 7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతూ పుట్టించే కంపనానికి పక్క మూత గుయ్యిమంటుంది. బరువైన గ్రాఫిక్స్ కార్డును పట్టుకున్న వెనుక భాగం వంగి కార్డు కిందికి వాలుతుంది. స్క్రూలు రెండుసార్లు విప్పి బిగించేసరికి మరలు అరిగిపోతాయి. ఎదురెదురు మూలలు పట్టుకొని క్యాబినెట్‌ను మెలితిప్పినట్టు చేస్తే ఎంత ఊగుతుందో తెలిసిపోతుంది. లోపలి అంచులు మడిచి ఉన్నాయా, కోసినట్టే వదిలేశారా అన్నదీ చూడాలి. మడవని అంచు చేతుల్ని కోస్తుంది, తీగల తొడుగునూ కోస్తుంది.

పక్క అద్దం టెంపర్డ్ గ్లాసా, అక్రిలిక్కా అడగాలి. అక్రిలిక్ మీద గీతలు తొందరగా పడతాయి. టెంపర్డ్ గ్లాస్ గట్టిది, కానీ దాని బలహీనత అంచుల్లో ఉంది. విప్పిన అద్దాన్ని సిరామిక్ టైల్స్ నేలమీద నిలబెడితే చిన్న తాకిడికే మొత్తం పొడిపొడి అవుతుంది. మన ఇళ్లలో చాలావరకు టైల్స్, గ్రానైటు నేలలే. అద్దాన్ని దుప్పటి మీదో, మంచం మీదో పడుకోబెట్టాలి.

తీగలు, పోర్టులు

మదర్‌బోర్డు పలక వెనుక తీగలకు కనీసం 20 మి.మీ. లోతు ఉండాలి. 24 పిన్నుల ప్రధాన కేబుల్ లావుగా ఉంటుంది. చోటు చాలకపోతే వెనుక మూత ఉబ్బి, స్క్రూలు పట్టవు. ప్రాసెసర్‌కు కరెంటు వెళ్లే తీగకు పైన ఎడమ మూలలో రంధ్రం తప్పనిసరి. చౌక మోడళ్లలో అది చాలా చిన్నగా ఉంటుంది లేదా పైన రేడియేటర్ బిగిస్తే మూసుకుపోతుంది. తీగలు కట్టుకోవడానికి కొక్కేలు ఉంటే కేబుల్ టైలు కొనుక్కుని సర్దుకోవచ్చు. కొక్కేలే లేకపోతే ఏమీ చేయలేం.

ముందు పోర్టుల్లో కనీసం ఒక యూఎస్‌బీ 3.0 ఉండాలి. అది సెకనుకు 5 గిగాబిట్ల వేగం ఇస్తుంది, పాత యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 480 మెగాబిట్లే. టైప్ సీ పోర్టు కనిపిస్తే మురిసిపోయేముందు మదర్‌బోర్డు మీద దానికి తగిన హెడర్ ఉందో లేదో చూసుకోవాలి. పవర్ బటన్‌ను నాలుగైదుసార్లు నొక్కి చూడాలి. లోపలే ఇరుక్కుపోయే బటన్ కంప్యూటర్‌ను తనంతట తానే ఆపేస్తుంది.

ఎస్ఎంపీఎస్ కలిపి ఇస్తే?

‘క్యాబినెట్‌తోపాటు ఎస్ఎంపీఎస్ ఉచితం’ అన్న బేరం గేమింగ్‌కు పనికిరాదు. అలా వచ్చే పేరులేని ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా, 12 వోల్టుల లైను మీద అది నిజంగా ఇచ్చేది చాలా తక్కువ కావచ్చు. చాలావాటికి గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఉండదు. ఆ కనెక్టర్ 150 వాట్లు మోయడానికి ఉద్దేశించింది. మోలెక్స్ తీగను మార్పిడి ముక్కతో కార్డుకు తగిలిస్తే తీగ వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. 80 ప్లస్ ధ్రువీకరణ, షార్ట్ సర్క్యూట్, ఓవర్ కరెంట్ రక్షణలు ఉన్న పేరున్న ఎస్ఎంపీఎస్‌ను విడిగా కొనాలి. క్యాబినెట్‌లో ఆదా చేసిన ప్రతి రూపాయినీ ఇందులో పెట్టినా తప్పులేదు.

లోహపు క్యాబినెట్‌ను ముట్టుకుంటే జిల్లుమనడం మన ఇళ్లలో తరచూ వినే ఫిర్యాదు. తప్పు చాలాసార్లు క్యాబినెట్‌ది కాదు, ఎర్తింగ్‌ది. ఎస్ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్లు ఎర్త్ తీగ మీద ఆధారపడతాయి. మూడో పిన్నుకు ఎర్తింగ్ లేకపోతే 230 వోల్టులలో దాదాపు సగం క్యాబినెట్ మీద నిలుస్తుంది. ప్రవహించే కరెంటు స్వల్పమే అయినా యూఎస్‌బీ పరికరాలు దెబ్బతినవచ్చు. ఎస్ఎంపీఎస్‌లో ఇన్సులేషన్ చెడితే ప్రాణానికే ముప్పు. గేమింగ్ కంప్యూటర్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌తో ఆ ప్లగ్గు ఎర్తింగ్ పరీక్ష చేయించడం అందరికీ అవసరం.

అసలు ధర

క్యాబినెట్ ధరను ఫ్యాన్లతో కలిపి పోల్చాలి. మంచి 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. 3,000 రూపాయల క్యాబినెట్‌కు ఒకే ఫ్యాన్ ఉంటే, మరో రెండు కొనేసరికి అది 4,500 దాటవచ్చు. జల్లెడ ముఖం, నాలుగు ఫ్యాన్లతో 4,500కు వచ్చేది దానికన్నా లాభం. డీప్‌కూల్ సీసీ560 లాంటివి ముందు మూడు, వెనుక ఒకటి చొప్పున నాలుగు 120 మి.మీ. ఫ్యాన్లతోనే వచ్చాయి. అయితే వచ్చిన నాలుగూ వేగం మార్చలేని మోలెక్స్ ఫ్యాన్లయితే, రెండు మంచి పీడబ్ల్యూఎం ఫ్యాన్లున్న క్యాబినెట్‌కే మొగ్గాలి.

వీలున్నవాళ్లు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్పీ రోడ్డు లాంటి చోట్ల చేత్తో పట్టుకొని చూసి కొనడం మంచిది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె విప్పేటప్పుడు మొదటినుంచి చివరిదాకా వీడియో తీయాలి. దారిలో అద్దం పగిలితే అదే ఆధారం.

షాపులో పరిశీలించాల్సినవి

• కార్డు పొడవు, కూలర్ ఎత్తు, ఎస్ఎంపీఎస్ పొడవు కాగితం మీద రాసుకొని సరిచూడటం
• ముందు పలక మీద టార్చి వేసి వెనుకనుంచి చూడటం. వెలుతురు ఎంత దాటితే గాలికి అంత దారి
• ఫ్యాన్ల సంఖ్య, వాటి కనెక్టర్ రకం
• మూడు వడపోతలు, వాటిని తీసే తీరు
• స్లాట్ల మూతలు, లోపలి అంచులు, మూలల గట్టిదనం
• బోర్డు వెనుక లోతు, పవర్ బటన్, ముందు పోర్టులు

బిగించాక పరీక్ష

కంప్యూటర్ తయారయ్యాక క్యాబినెట్ అసలు రంగు ఇంట్లోనే తేలుతుంది. గదిలో థర్మామీటర్ పెట్టి ఉష్ణోగ్రత రాసుకోవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, రోజూ ఆడే భారీ ఆటను అరగంట ఆపకుండా నడపాలి. తొలి పది నిమిషాల అంకెల్ని పట్టించుకోకూడదు. లోహం, గాలి నిలకడ స్థితికి రావడానికి అంతసేపు పడుతుంది. చివర్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగం రాసుకోవాలి.

తరవాత ముందు పలక తీసేసి అదే ఆటను అంతేసేపు ఆడాలి. గ్రాఫిక్స్ కార్డు ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే పలక బాగున్నట్టు. ఐదారు డిగ్రీలు తగ్గితే పలక గాలిని అడ్డుకుంటున్నట్టు. మూడోసారి పక్క అద్దం కూడా తీసి చూడాలి. అప్పుడే బాగా తగ్గితే ఫ్యాన్ల సంఖ్యో అమరికో సరిపోవడం లేదు. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది: వడపోత మార్చాలా, ఒక ఫ్యాన్ చేర్చాలా, క్యాబినెట్టే మార్చాలా అన్నది.

పరీక్ష బాగా వచ్చినా పెట్టేచోటు సరిగా లేకపోతే ఫలితం పోతుంది. పాత కంప్యూటర్ టేబుళ్లలోని మూసిన అరలో క్యాబినెట్ పెడితే వెనుక నుంచి వదిలిన వేడిగాలినే ముందునుంచి పీల్చుకుంటుంది. వెనుక, పైన కనీసం జానెడు ఖాళీ, నేలనుంచి కొంచెం ఎత్తు ఉండాలి. వడపోతల్ని నెలకోసారి దులపాలి, వేసవిలో రెండుసార్లు. ఏడాదికోసారి లోపలి దుమ్మును బ్లోయర్‌తో తీయాలి. అలా తీసేటప్పుడు కరెంటు ఆపి, ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ఏటా ఏప్రిల్‌లో, ఎండలు ముదరకముందు, అరగంట పరీక్షను మరోసారి చేసి పాత అంకెలతో పోల్చుకోవాలి. గది వేడిలో తేడా తీసేశాక కూడా ఐదు డిగ్రీలు పెరిగి ఉంటే వడపోతలు పూడుకున్నట్టో, ఫ్యాన్ బేరింగు అరిగినట్టో, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండినట్టో లెక్క. ఆ మూడింటినీ ఇదే వరుసలో చూసుకుంటే, తక్కువ ధరకు కొన్న క్యాబినెట్టే ఇప్పటి కార్డుకీ తరవాత కొనే కార్డుకీ సరిపోతుంది.